భీమక్క దవడ

మా అత్త భీమక్కకు దవడ పట్టేసి నోరు తెరుచుకోవడం లేదన్న మాట పొక్కగానే మా వీధిలో సగంమంది లోలోపల సంతోషపడే ఉంటారు. నేనూ పడ్డాను, అబద్ధమెందుకు. ఆమె వాకిట్లో నిలబడి ఒకరిని తిట్టడం మొదలుపెడితే ఊరిబయట గొర్రెలు కాసేవాళ్ళకు కూడా ఆ పూట ఎవరి వంతో తెలిసిపోయేది. కోడలిగా వచ్చినప్పటి నుంచి ఎక్కువసార్లు ఆ వంతు నాదే.

కర్నూలు రాజధాని అవుతుందని జనం చెప్పుకుంటున్న ఏడాది అది. ఆదోనికి పడమరగా ఉన్న మా ఊరికి రాజధాని వల్ల ఒరిగేదేమిటో ఎవరికీ తెలియదు గానీ, కరువు పోయి ఈసారైనా వాన పడుతుందని అందరికీ ఆశ. అందుకే ఉగాది దాటగానే రెడ్డిగారింటి నుంచి విత్తనపు వేరుశెనగ మూటలు ఇల్లిల్లూ చేరాయి. మావైపు వాటిని బుడ్డలంటారు. ఏరువాక వచ్చేదాకా ఆడవాళ్ళకు అదే పని. మిషనులో ఆడిస్తే పప్పు చీలుతుంది, చీలిన పప్పు మొలవదు, కాబట్టి చేత్తోనే ఒలవాలి. ఒలిచి ఒలిచి బొటనవేళ్ళు వాచిపోయాక ఇక పళ్ళే దిక్కు. కాయ ముక్కును పక్క పళ్ళ మధ్య పెట్టి, లోపలి పప్పుకు దెబ్బ తగలకుండా పైపొట్టు మాత్రం పగిలేటట్లు కొరకాలి. ఆ పనిలో భీమక్కను మించినవాళ్ళు మా ఊళ్ళో లేరు. ఒక బుగ్గన వక్క, ఇంకో బుగ్గన బుడ్డ, మధ్యలో తిట్లు. అన్నీ ఒకేసారి నడిచేవి.

ఇంట్లో మేమిద్దరమే. నా మొగుడు కంబన్న తుంగభద్ర కట్ట పనికి పోయి, చలిజ్వరంతో ఇంటికి వచ్చి చనిపోయి అప్పటికి ఏడాది దాటింది. పిల్లలు లేరు. కొడుకు పోయినా అత్త ఊరందరితో మునుపటిలాగే మాట్లాడేది. నాతో మాత్రం పనికి తగ్గ మాటలే. నీళ్ళు తెచ్చినావా, పొయ్యి ఆర్పినావా, అంతే. కంబన్న పేరు ఆమె ఎత్తదు, నేనూ ఎత్తను. ఒకే కప్పు కింద ఇద్దరం ఎవరి దుఃఖం వాళ్ళం మోసుకుంటూ తిరిగేవాళ్ళం.

మొదట చెవిపోటు అంది. తర్వాత పంటినొప్పి అంది. సంతలో పళ్ళు పీకేవాడి ముందు కూర్చుని ఒక పన్ను పీకించుకుని వచ్చింది. ఆ పన్ను నేను చూశాను, పుచ్చు లేదు, గట్టి పన్ను. నొప్పి మాత్రం పోలేదు. చెవి ముందు నుంచి కణత దాకా లాగుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం బుడ్డ కొరుకుతూ ఉండగా ఆమె దవడలో టక్కుమని చప్పుడైంది. అంత దూరంలో కూర్చున్న నాకు కూడా వినిపించింది. ఆ తర్వాత ఆమె నోరు వేలు పట్టేంత మాత్రమే తెరుచుకుంది.

పక్కింటి గిడ్డమ్మ పరుగెత్తుకుంటూ పోయి రంగన్నను పిలుచుకుని వచ్చింది. మా ఊళ్ళో ఏ నొప్పికైనా రంగన్న చేసేది ఒక్కటే. పసుపుకొమ్మును నిప్పుల్లో కాల్చి ఒంటికి చురక పెట్టడం.

“చెవి ముందర రెండు, కణత మీద ఒకటి పెడితే సాలు. రేపటికి రొట్టె తింటాది” అన్నాడు రంగన్న, నిప్పులు ఊదుకుంటూ.

అత్త కళ్ళు మూసుకుని ముఖం అటు తిప్పింది. కాల్చుకోవడానికి సిద్ధపడిపోయింది. కంబన్నకు కూడా ఇదే రంగన్న ఇలాగే పొట్ట మీద చురకలు పెట్టాడు. ఆ పుండ్లు మానకముందే మనిషి పోయాడు. కడసారి నీళ్ళు పోసేటప్పుడు ఆ పుండ్లను కడిగింది నేనే. నాకు ఎక్కడినుంచి వచ్చిందో అంత కోపం, నీళ్ళ చెంబు తీసి నిప్పుల మీద కుమ్మరించాను.

“ఏమ్మే, పిచ్చి పట్టిందా నీకు?” అన్నాడు రంగన్న.

“పట్టింది. పో మామా. మా యత్త మొగాన్ని కాల్చేకి లేదు” అన్నాను.

అత్త కళ్ళు తెరిచి నన్ను చూసింది. తిట్టాలని ఉన్నా నోరు రాలేదు. ఆ ఇంట్లో నా మాట నెగ్గడం అదే మొదటిసారి. నెగ్గింది ఎందుకో మీకు తెలుసు.

మర్నాడు బండి కట్టించుకుని ఆదోని ఆస్పత్రికి తీసుకుపోయాను. డాక్టరు ఆమె చెవుల ముందు రెండు వేళ్ళు ఆనించి, తెరువు, మూయి, అంటూ కాసేపు చూశాడు. పంటిలో ఏ దోషమూ లేదన్నాడు. దవడ ఎముక పుర్రెకు అతుక్కునే చోట ఒక కీలు ఉంటుందని, మోకాలికీ మోచేతికీ ఉన్నట్లే అదీ కీలేనని, దాన్ని విశ్రాంతి లేకుండా వాడి వాడి అలిగేటట్లు చేసిందని చెప్పాడు.

“కొయ్యాల్సిన పని లేదు. పీకాల్సిన పని లేదు. సూది కూడా వద్దు. ఆ కీలును నెమ్మదిగా బుజ్జగించుకోవాలి” అని నర్సును పిలిచి, ఎలా చెయ్యాలో మాకు చూపించమన్నాడు.

అత్తకు అది నచ్చలేదు. సందు లేని పళ్ళ మధ్య నుంచే గొణిగింది. “ఇంత దూరం బండి కట్టుకోని వస్తే సూది కూడా ఎయ్యకపాయె. ఏం డాకటరు ఈయప్ప?”

నర్సు పేరు విశ్వాసమ్మ. నడివయసు మనిషి. నవ్వకుండానే నవ్వించే రకం. “సూది కావాలంటే ఎద్దుకేసేది ఉంది, వేసేదా?” అని అత్తను ఊరుకోబెట్టి, నా రెండు చేతులూ పట్టుకుని పని నేర్పింది. వేడి నీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, చెంపల మీద రెండు వైపులా కాపడం పెట్టాలి. తర్వాత గోరువెచ్చని నూనె వేళ్ళకు రాసుకుని, చెవి ముందు గుంట నుంచి దవడ మూల దాకా సున్నా చుట్టినట్లు మెల్లగా తిప్పాలి. ఆ తర్వాత నాలుక కొసను అంగిట్లో ఆనించమని చెప్పి, ఆ నాలుక జారనంత మేరకే నోరు తెరిపించాలి. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి అడ్డం పెట్టుకోవాలి. కూడు మెత్తగా ఉండాలి. వక్క వద్దు, రొట్టె వద్దు, బుడ్డలు కొరకడం అసలే వద్దు. నోరు ఊరికే ఉన్నప్పుడు పెదాలు కలిసి ఉండాలి గానీ పళ్ళు మాత్రం ఒకదానికొకటి తగలకూడదు.

“మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టిన రోజు బాగయినట్లు. నెలలు పట్టొచ్చు. తొందరపడొద్దు” అంది. తర్వాత అత్త గడ్డం పట్టుకుని అడిగింది. “పెద్దమ్మా, పళ్ళు బిగబట్టే అలవాటు ఉందా నీకు? కోపమొచ్చినప్పుడు?”

“కోపమొస్తే తిడతా. బిగబట్టేదెందుకు?” అంది అత్త.

“మరి ఏడుపొచ్చినప్పుడు?”

అత్త కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. కంబన్నను పూడ్చి వచ్చిన రోజున కూడా ఆమె ఏడవలేదన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. రాతిగుండె మనిషి అని ఊరంతా అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

ఆ సాయంత్రం పొయ్యి ముందు ఆమెను కూర్చోబెట్టి మొదటిసారి చెంపల మీద చేతులు పెట్టినప్పుడు ఇద్దరం ఎటు చూడాలో తెలియక నేల చూశాం. అన్నేళ్ళ కాపురంలో నేను ఆమెను తాకింది లేదు. పండక్కి కాళ్ళు మొక్కడం తప్ప. కంబన్న పోయాక నా చెయ్యి ఇంకో మనిషి ముఖానికి తగలడం కూడా అదే. దగ్గర నుంచి చూస్తే ఆమె ముఖం కంబన్న ముఖంలాగే ఉంది. దవడ మూల దగ్గర ఆ వంపు అచ్చం అతనిదే. గుడ్డ చల్లారిందనే వంకతో లేచి అవతలికి పోయాను.

నోరు మూతపడితే హాయిగా ఉంటుందనుకున్నాను గదా. కొద్దిరోజులకే నాకు బుద్ధి వచ్చింది. ఆ నోటికోసం మా వాకిట్లో చేరే ఆడవాళ్ళంతా రావడం మానేశారు. గిడ్డమ్మ ఒక్కతే ఎప్పుడైనా తొంగిచూసేది. అత్త గోడకు ఆనుకుని చేత్తోనే బుడ్డలు ఒలిచేది. నేను ఇవతల గోడకు ఆనుకుని ఒలిచేదాన్ని. మధ్యలో పొట్టు రాలే చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. ఎండకాలపు పగలు ఎంత పొడుగో అప్పుడు తెలిసింది. ఒకసారి కావాలనే కుండ పగలగొట్టాను, కనీసం తిడుతుందేమోనని. అత్త పెంకులు ఏరి బయట పారేసి వచ్చి మళ్ళీ కూర్చుంది.

ఎండలు ముదిరిన రోజుల్లో మా అన్న అయ్యన్న వచ్చాడు. ఎర్రగుంట్ల దగ్గర రైలుకట్ట మీద గ్యాంగు పని చేస్తాడు. నాకు తల్లీతండ్రీ లేరు, అన్నీ అతనే. కాళ్ళు కడుక్కుని, మజ్జిగ తాగి, అత్త ఎదురుగా కూర్చుని సంగతి తిన్నగా చెప్పాడు.

“అత్తా, మా గ్యాంగులోనే ఒకాయప్ప ఉండాడు. పెండ్లాం పోయింది. సిన్న ఆడబిడ్డ ఉండాది. తాగడు, నెమ్మది మనిషి. మా చెల్లెలు హులిగెమ్మకు ఉడికె అడుగుతాండాడు. నువ్వేమంటావు?”

మా వాళ్ళలో మొగుడు పోయిన ఆడది మళ్ళీ మనువు పోవచ్చు. బాజాలూ పందిరీ ఉండవు, కొత్త చీర కట్టించి తోలుకుపోతారు. దాన్నే ఉడికె అంటాం. అయితే అత్తింటి పెద్ద తన చేత్తో ఆ చీర ఒళ్ళో పెట్టి పంపాలి. ఇంట్లో పెద్దమనిషి కూడు తినలేని రోగంతో ఉన్నప్పుడు గడప దాటకూడదు. దాటిన దాని చేతి నీళ్ళు కొత్త ఇంట్లో ఎవరూ ముట్టరని కట్టుబాటు. అందువల్ల మా అన్న కళ్ళు అత్త ముందున్న గంజి గిన్నె మీదే ఉన్నాయి.

అత్త నాలుకను అంగిట్లో ఆనించి మెల్లగా నోరు తెరిచి, మూసి, అప్పుడు మాట్లాడింది. “నా నోరు బాగుపడనీ. రొట్టె తిన్నానంటే నా చేత్తోనే పంపిస్తా.”

“ఏరువాక పున్నమి దాకా నిలుస్తాడంట. ఆ పైన వాళ్ళక్క వేరే యాడనో సూస్తాదంట” అన్నాడు అన్న.

“అప్పటికి తింటాలే” అంది అత్త.

నాకు పోవాలని ఉండింది. ఇది చెప్పడానికి అప్పుడు సిగ్గుపడ్డాను గానీ ఇప్పుడు పడను. నాకు పాతికేళ్ళు కూడా నిండలేదు. మనుషులు తిరిగే ఇల్లు కావాలనిపించింది. ఒక పిల్ల కాళ్ళకు అడ్డం పడాలనిపించింది. సాయంత్రమైతే ఫలానా మనిషి వస్తాడని ఎదురుచూడాలనిపించింది. ఆ రోజు నుంచి అత్తకు కాపడం పెట్టడంలో నా ఆత్రం నాకే తెలిసిపోతూ ఉండేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేళ్ళు పెట్టి కొలిచేదాన్ని. ఒక వేలు రెండు వేళ్ళయింది. రెండు దగ్గర ఆగిపోయింది. జొన్న అంబలి, మెత్తగా ఉడికించిన కొర్రబువ్వ, పప్పుకట్టు, ఇవే ఆమె తిండి. ఇంత చేస్తున్నా మూడో వేలు పట్టడం లేదు.

ఆకాశంలో మబ్బులు కనబడడం మొదలైంది. ఒకరోజు బావి దగ్గర గిడ్డమ్మ నన్ను పక్కకు లాగింది.

“మే హులిగీ, నీకొకటి సెప్తా, మీ యత్తతో అనొద్దు. నువ్వు నీళ్ళకొచ్చినప్పుడు ఆమె గోడసాటున కూసోని నమలతాండాది. నా కండ్లతో సూసినా.”

“ఏం నమిలింది గిడ్డక్కా?”

“బుడ్డలో, వక్కో. నోరైతే ఆడతాండాది. నీకు తెల్లేదా ఇంగ? దానికి బాగయిపోయింది. నిన్ను పంపేకి మనసు రాక ఏసం ఏస్తాండాది. కొడుకూ లేడు, నువ్వూ పోతే ఒక్కతే అయిపోతాది గదా.”

ఇంటికి వచ్చి గోడచాటున చూశాను. పళ్ళతో కొరికిన బుడ్డ పొట్టు ఉంది. చేత్తో ఒలిచిన పొట్టుకూ కొరికిన పొట్టుకూ తేడా మాకు చూడగానే తెలుస్తుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా బతుకును గంజి గిన్నెలో పెట్టి కూర్చుందా ఈమె, అనుకున్నాను. అడిగి కడిగేద్దామని ఆమె ముందుకు పోయి నిలబడ్డాను. ఆమె తల ఎత్తి చూసింది. నేను ఏమీ అడగలేదు.

ఎందుకు అడగలేదంటే, ఆ కోపం కింద ఇంకొకటి ఉంది. సంతోషం. నన్ను పోనివ్వకుండా ఉంచుకోవాలని ఒక మనిషి వక్క మానుకుని, రొట్టె మానుకుని, చప్పిడి గంజి తాగుతూ కూర్చుంది. నన్ను అంతగా కావాలనుకున్నవాళ్ళు అంతవరకు ఎవరున్నారు? కంబన్నకు నేనంటే ఇష్టమే గానీ, కట్ట పనికి పోయేటప్పుడు వెనక్కి తిరిగి చూసిన మనిషి కాదు. అడిగితే అత్త కాదంటుందేమోనని భయమేసింది. అందుకని అడగకుండా పొయ్యి రాజేసి నీళ్ళు పెట్టాను.

ఆ తర్వాతి రోజులు నాకు బాగా గుర్తు. వేళ్ళతో కొలవడం మానేశాను. కాపడం పెడుతూ నోటికి వచ్చిందల్లా చెప్పేదాన్ని. బావి దగ్గరి కబుర్లు, ఎవరి ఎద్దు ఎవరి చేలో పడిందో అన్నీ. ఒక సాయంత్రం కంబన్న మాట కూడా వచ్చింది. అతను నిద్రలో పళ్ళు కొరికేవాడని, నాకు మెలకువ వచ్చేదని చెప్పాను. నా చేతి కింద ఆమె దవడ కదిలింది.

“సిన్నప్పటి నుంచీ అంతే వాడు. నేను గడ్డం పట్టుకోని పండబెడతాంటి” అంది.

కొడుకు పోయాక అతని గురించి ఆమె మాట్లాడిన మొదటి మాట అది. ఆ మాటతో ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పళ్ళు బిగబట్టబోయి, నర్సు చెప్పింది గుర్తొచ్చినట్లుంది, పెదాలు కలిపి, పళ్ళు వదులుగా ఉంచుకుంది. నీళ్ళు కారిపోయాయి. నేను తడిగుడ్డతో చెంపలు తుడిచాను. ఏది కాపడం నీళ్ళో ఏది కన్నీళ్ళో ఎంచే అవసరం లేకపోయింది.

ఆ రోజే లోపల తీర్మానించుకున్నాను. అన్న వస్తే, ఆమెకు ఇంకా తగ్గలేదని చెబుదామని. ఎర్రగుంట్ల మనిషి వేరే ఎవరినైనా చూసుకుంటాడు. ఈ ఇంట్లో ఇద్దరం ఉందామని.

ఏరువాక పున్నమి ముందురోజు పొద్దున్నే అన్న వచ్చాడు. అతనికి జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ కారం పెట్టాను. అత్త ముందు ఎప్పటిలాగే అంబలి గిన్నె పెట్టాను. అన్న నోరు తెరిచి అడగకముందే అత్త ఆ గిన్నెను పక్కకు జరిపింది.

“నాకూ రొట్టె పెట్టు” అంది.

“అత్తా, నీకు...”

“పెట్టు మే. ఎన్ని దినాలు తాగాల్నో ఈ గంజి?”

పెనం మీద నుంచి తీసిన రొట్టె, అంచులు గట్టిపడింది. తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. అన్న ముందే మొత్తం రొట్టె తినేసింది. నీళ్ళు కూడా మధ్యలో తాగలేదు. తర్వాత రొండిన దోపుకున్న వక్క తీసి పుటుక్కున కొరికింది. అప్పుడే మా గోడ మీద గిడ్డమ్మ కోడి ఎక్కింది.

“ఏమే గిడ్డీ, నీ కోళ్ళకు నా గోడే దొరికిందా? ఇంగోసారి ఎక్కితే పులుసు పెట్టుకోని తింటా, నీకు ఈక కూడా దక్కదు!”

వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. చాలా రోజుల తర్వాత ఆ గొంతు వినేసరికి ఇద్దరు ముగ్గురు వాకిళ్ళలోకి వచ్చి చూశారు కూడా. అన్న పగలబడి నవ్వాడు.

“ఇంగేమత్తా, గట్టిదానివైపోతివి!”

“నాకేమప్పా, నిన్ననే బాగయిపోయింది. తోలుకపో మీ చెల్లెల్ని. ఈపొద్దే పోండి, వాన పడితే బండి దిగబడతాది.” అని లేచి లోపలి పెట్టెలోంచి ఒక చీర తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పచ్చంచు ఎర్ర చీర. ఎప్పుడు తెప్పించిందో, ఎవరిచేత తెప్పించిందో నాకు తెలియదు.

నాకు చెంప మీద కొట్టినట్లయింది. నన్ను ఉంచుకోవాలని వేషం వేస్తోందనుకుని మురిసిపోయినదాన్ని నేను. ఆమె చీర కూడా కొని పెట్టుకుంది. ఉండమనలేదు సరిగదా, ఉంటావా అని కూడా అనలేదు. చీర కట్టుకోవడానికి లోపలికి పోయి, కట్టుకుంటూ ఏడ్చాను. పోవాలని ఎంత కోరుకున్నానో అది చేతికి వచ్చింది. వచ్చినా ఏడుపే వచ్చింది.

మొక్కుదామని ఆమెను లోపలికి పిలిచాను. వంగి కాళ్ళు తాకి లేచాను. అలవాటుగా నా చేతులు ఆమె చెంపల మీదికి పోయాయి. రోజూ పొద్దునా సాయంత్రం పోయిన చేతులు గదా, నేను ఆపేలోపే పోయాయి. చెవి ముందు గుంట కాలిపోతోంది. దాని కింద కండ బిగుసుకుపోయి లోపల దానంతట అదే అదురుతోంది. నోరు పట్టేసిన మొదటిరోజు కూడా అంత అదరలేదు.

“అత్తా, ఇది తగ్గలేదు.”

“తగ్గింది.”

“తగ్గలేదు. నా చేతికి తెలుస్తాండాది.”

ఆమె నా చేతులు తీసేసింది. గట్టిగా కాదు. గొంతు తగ్గించి, నోరు ఎక్కువ తెరవకుండా మాట్లాడింది. “నువ్వు నీళ్ళకు పోయినప్పుడంతా సూస్తానే ఉంటి. బుడ్డ కొరికేకి అయితాదేమో, వక్క నమిలేకి అయితాదేమో అని. నిన్నటి దాకా కాలే. ఈపొద్దు అయింది, సూస్తివి గదా.”

అప్పుడు అర్థమైంది నాకు. గోడచాటున ఆమె దొంగతనంగా తినలేదు. నన్ను పంపడానికి, ఆ నొప్పి మీద నమలడం నేర్చుకుంటోంది. డాక్టరు వద్దన్న పనే చేసుకుంటూ, మేము పెట్టిన కాపడమంతా చెడగొట్టుకుంటూ.

“నేను పోను” అన్నాను.

“పోకపోతే?” అంది. “ఒక రొట్టంతా నమిలితినే మే, అదంతా ఊరికే పాయెనా?”

బయట అన్న బండి తిప్పుతున్న చప్పుడు. ఆమె నా తల మీద చెయ్యి పెట్టలేదు, దీవించనూ లేదు. నా చీర కుచ్చెళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నాయని వంగి సరిచేసింది. గిడ్డమ్మకు చెప్పి పూటపూటా వేడిగుడ్డ పెట్టించుకొమ్మని బతిమాలాను. సరేనంది. పెట్టించుకోదని నాకు తెలుసు. ఆమె వాకిలి దాకా వచ్చి, నేను బండి ఎక్కకముందే లోపలికి పోయింది.

ఆదోనిలో రైలెక్కాం. పెట్టె నిండా జనం. ఎవరో మామిడిపళ్ళు కోసి పంచుతున్నారు, ఒక పసిబిడ్డ నా మోకాలు పట్టుకుని నిలబడి నా చీర అంచు లాగుతోంది. నేను కోరుకున్న సందడి అదే. ఆ సందడి మధ్య కూర్చుని, నాకు ఈ లోకంలో ఎవరూ లేనట్లు అనిపించింది. నా కొత్త ఇంట్లో మంచి మనుషులే దొరికారు, పిల్లలు కూడా పుట్టారు. కానీ ఆ రైల్లో కూర్చున్నంతసేపూ నేను అనుభవించిన ఒంటరితనం లాంటిది మళ్ళీ ఎరగను.

గుంతకల్లు దాటాక అన్న నా వైపు తిరిగాడు.

“ముసలామె మొండికేస్తాదనుకుంటి హులిగీ. ఇంత సులువుగా పంపిస్తాదనుకోలే. ఉండుమని ఒక్క మాటన్నా అనకపాయె. నీ మీద ఆమెకు పెద్ద పానమేమీ లేనట్లుండాది.”

నిజం చెబితే మా అన్న వచ్చే స్టేషన్లో దిగి నన్ను వెనక్కి తోలుకుపోయేవాడు. కట్టుబాటు తప్పే మనిషి కాదు. ఆ రొట్టె ఆమె మళ్ళీ ఒకసారి నమలాల్సి వచ్చేది.

“అవునన్నా” అన్నాను. “లేనట్లుండాది.”